రెండు కాయిళ్ల సబ్ వూఫర్‌ను నాలుగు ఛానెళ్ల ఆంప్లిఫైయర్‌కు ఎలా కలపాలి?

ప్రశ్న: నరసరావుపేటలో ఉంటాను. నా హ్యాచ్‌బ్యాక్ కారులో బయట కొని పెట్టించుకున్న ఆండ్రాయిడ్ స్టీరియో ఉంది, తలుపుల్లోని నాలుగు స్పీకర్లు దానితోనే నడుస్తున్నాయి. పోయిన నెల 12 అంగుళాల సబ్ వూఫర్ కొన్నాను. అట్టపెట్టె మీద 2000 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది, లోపలి కాగితంలో మాత్రం 500 వాట్లు ఆర్‌ఎంఎస్, డ్యూయల్ వాయిస్ కాయిల్, ఒక్కొక్కటి 4 ఓమ్‌లు అని ఉంది. మా బావగారు వాడి పక్కన పెట్టిన నాలుగు ఛానెళ్ల పాత ఆంప్లిఫైయర్ నాకిచ్చారు. దాని పుస్తకంలో 4 ఓమ్‌ల దగ్గర ఛానెల్‌కు 75 వాట్లు, 2 ఓమ్‌ల దగ్గర 100 వాట్లు, బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్‌ల దగ్గర జతకు 200 వాట్లు అని రాసి ఉంది. 25 ఆంపియర్ల ఫ్యూజులు రెండు ఉన్నాయి. షాపులో రెండు కాయిళ్లనూ కలిపేసి, వెనుక ఛానెళ్లను బ్రిడ్జ్ చేసి బిగించారు. పది నిమిషాలు బాగానే మోగుతుంది, తరువాత ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంది. ఆంప్లిఫైయర్ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. రాత్రిపూట బేస్ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఎందుకు పెట్టలేదని అడిగితే ఆంప్లిఫైయర్‌లోనే ఉందిగా అన్నారు. ఈ ఆంప్లిఫైయర్ చాలదు, 1000 వాట్లది కొని, దానితోపాటు కెపాసిటర్ కూడా పెట్టించమంటున్నారు. కొనమంటారా?

సమాధానం: ఇప్పుడే ఏదీ కొనకండి. మీ ఉత్తరంలోని వివరాలను బట్టి చూస్తే మీ ఆంప్లిఫైయర్ పనిలో లోపమేమీ కనిపించడం లేదు. తాను మోయవలసిన దానికి రెట్టింపు భారం మీద పడినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి అది ఆగిపోతోంది. ఆ ఎర్ర లైటు చేయవలసిన పనే చేస్తోంది. వైర్లు కలిపిన తీరు మార్చుకుంటే, చేతిలో ఉన్న వస్తువులతోనే మీ సబ్ వూఫర్‌కు దాదాపు 400 వాట్లు అందుతాయి. అయితే బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది కనుక ముందుగా ఒక పని చేయండి. ఈ సమాధానం పూర్తిగా చదవకముందే బానెట్ ఎత్తి, బ్యాటరీ పాజిటివ్ నుంచి ఆంప్లిఫైయర్‌కు వెళ్లే ఎర్ర వైరును విప్పి, దాని కొసకు టేపు చుట్టి పక్కన పెట్టండి. కారణం తరువాత వివరిస్తాను.

మీ సబ్ వూఫర్‌లో ఒకే శంకువును కదిలించే కాయిళ్లు రెండున్నాయి, ఒక్కొక్కదాని నిరోధం 4 ఓమ్‌లు. పదో తరగతిలో చదువుకున్న శ్రేణి సంధానం, సమాంతర సంధానం ఇక్కడ అక్షరాలా పనికివస్తాయి. కాయిళ్లను ఒకదాని వెనుక ఒకటి కలిపితే 8 ఓమ్‌లు, రెండింటి పాజిటివ్‌లను ఒకచోట, నెగటివ్‌లను ఒకచోట కలిపితే 2 ఓమ్‌లు. పల్నాడులో కాలువ కింద సేద్యం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు: పక్కపక్కన రెండు తూములు తెరిస్తే నీరు రెట్టింపు పారుతుంది, ఒక తూము దాటిన నీరు మళ్లీ ఇంకో తూములోంచి పోవలసివస్తే పారుదల తగ్గుతుంది. ఓమ్‌లు తగ్గేకొద్దీ ఆంప్లిఫైయర్ నుంచి కరెంటు ఎక్కువగా లాగబడుతుంది, దానితోపాటు లోపల వేడీ పెరుగుతుంది. షాపువారు చేసింది సమాంతర సంధానం, అంటే 2 ఓమ్‌లు.

అసలు చిక్కు ఆ 2 ఓమ్‌లను బ్రిడ్జ్ చేసిన ఛానెళ్లకు కలపడంలో ఉంది. బ్రిడ్జ్ చేసినప్పుడు రెండు ఛానెళ్లు ఒకే స్పీకరును చెరొక కొస నుంచి ఎదురెదురు దిశల్లో నడుపుతాయి: ఒకటి నెడుతున్న క్షణంలో రెండోది లాగుతుంది. అందువల్ల స్పీకరు మీద వోల్టేజి రెట్టింపవుతుంది, ఒక్కో ఛానెల్‌కు మాత్రం ఆ స్పీకరు నిరోధంలో సగమే కనిపిస్తుంది. 4 ఓమ్‌లను బ్రిడ్జ్‌లో కలిపితే ఒక్కో ఛానెల్‌కు 2 ఓమ్‌లు కనిపిస్తాయి, అది మీ పుస్తకంలో అనుమతించిన హద్దు. బ్రిడ్జ్ చేసినప్పుడు 4 ఓమ్‌ల లెక్క మాత్రమే ఇచ్చి, 2 ఓమ్‌ల లెక్క ఇవ్వకపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు మీ వెనుక ఛానెళ్లకు కనిపిస్తున్నది చెరొక 1 ఓమ్. పది నిమిషాలైనా నడిచిందంటే ఆ ఆంప్లిఫైయర్ గట్టిదనే నా అభిప్రాయం.

నా మాటను నమ్మే ముందు మీరే కొలిచి చూసుకోండి, సాదా మల్టీమీటర్ చాలు. దానిని 200 ఓమ్‌ల స్థానంలో పెట్టి, ముందుగా రెండు ప్రోబుల మొనలను ఒకదానికొకటి తాకించి ఎంత చూపుతుందో చూడండి. సాధారణంగా సున్నా కాక సున్నాకు కాస్త పైన ఏదో అంకె కనిపిస్తుంది. అది ప్రోబు వైర్ల నిరోధం, దానిని ప్రతి కొలత నుంచీ తీసివేయాలి. తరువాత సబ్ వూఫర్ నుంచి వైర్లన్నీ విప్పి ఒక్కో కాయిల్‌ను విడిగా కొలవండి. 4 ఓమ్‌ల కాయిల్ మీటరు మీద సరిగ్గా 4 చూపదు, 3.2 నుంచి 3.7 వరకు ఎంత చూపినా అది మంచి కాయిలే. కాగితం మీద రాసేది పాట నడుస్తున్నప్పటి నామమాత్రపు విలువ, మీటరు చూపేది రాగి తీగ నిరోధం మాత్రమే. రెండు కాయిళ్లూ ఇంచుమించు ఒకే అంకె చూపాలి. ఒకటి 3.5 చూపి రెండోది ఏమీ చూపకపోతే ఆ కాయిల్ కాలిపోయినట్టే కనుక మిగిలిన ప్రయత్నమంతా వృథా.

కాయిళ్లు బాగుంటే మీకు మూడు దారులున్నాయి. ఇప్పుడున్న పద్ధతిని వదిలేయాలి కాబట్టి రెండే మిగులుతాయి. మొదటిది, కాయిళ్లను శ్రేణిలో కలిపి 8 ఓమ్‌లు చేసి ఒక బ్రిడ్జ్ జతకు ఇవ్వడం. ఆంప్లిఫైయర్ చల్లగా ఉంటుంది, కానీ 4 ఓమ్‌ల దగ్గర 200 వాట్లు ఇచ్చే జత 8 ఓమ్‌ల దగ్గర 150 వాట్ల దరిదాపుల్లోనే ఇస్తుంది. 500 వాట్ల సబ్ వూఫర్‌కు అది తక్కువే. రెండో దారి మీ పరికరాలకు సరిగ్గా సరిపోతుంది. తలుపుల్లోని స్పీకర్లు స్టీరియోతోనే నడుస్తున్నాయి కాబట్టి ఆంప్లిఫైయర్ ముందు ఛానెళ్లు రెండూ ఖాళీగా పడి ఉన్నాయి. ముందు ఛానెళ్లను బ్రిడ్జ్ చేసి మొదటి కాయిల్‌కు, వెనుక ఛానెళ్లను బ్రిడ్జ్ చేసి రెండో కాయిల్‌కు ఇవ్వండి. ఒక్కో జతకు సరిగ్గా 4 ఓమ్‌లు కనిపిస్తాయి, ఒక్కో కాయిల్‌కు 200 వాట్లు చొప్పున మొత్తం 400 వాట్లు అందుతాయి. 150 వాట్లకూ 400 వాట్లకూ తేడా 4 డెసిబెళ్లకు కాస్త పైన, అది ఎవరి చెవికైనా స్పష్టంగా తెలుస్తుంది. 400కూ 500కూ తేడా ఒక్క డెసిబెల్ మాత్రమే, దాన్ని కారు నడుస్తుండగా గుర్తుపట్టడం కష్టం. ఆ ఒక్క డెసిబెల్ కోసం కొత్త ఆంప్లిఫైయర్ కొనవలసిన పని లేదు.

ఈ పద్ధతిలో రెండు జతలూ ఒకే పాటను, ఒకే పరిమాణంలో, ఒకే దిశలో ఇవ్వడం తప్పనిసరి, ఎందుకంటే రెండు కాయిళ్లూ కదిలించేది ఒకే శంకువును. స్టీరియో వెనుక సబ్ అవుట్ అని ఉండే ఆర్‌సీఏ పిన్ను నుంచి వచ్చే ధ్వనిని వై ఆకారపు ఆర్‌సీఏ జాయింట్లతో చీల్చి నాలుగు ఇన్‌పుట్లకూ అందించండి. ఆంప్లిఫైయర్ మీద ఇన్‌పుట్‌ను రెండుగానో నాలుగుగానో ఎంచుకునే స్విచ్ ఉంటే, దానిని రెండు దగ్గర పెడితే రెండు ఇన్‌పుట్లే సరిపోతాయి. బ్రిడ్జ్‌కు వాడవలసిన స్క్రూలు ఏవో ఆంప్లిఫైయర్ మీదే గీత గీసి చూపుతారు, ఒక ఛానెల్ పాజిటివ్‌నూ పక్క ఛానెల్ నెగటివ్‌నూ కలుపుతూ ఆ గీత ఉంటుంది. ఊహతో బిగించకుండా ఆ గుర్తునే అనుసరించండి.

దిశను చూడటానికి టార్చిలో వేసే 1.5 వోల్టుల సెల్ ఒకటి తీసుకోండి. కాయిల్ పాజిటివ్ పిన్నుకు సెల్ పాజిటివ్‌ను, నెగటివ్‌కు నెగటివ్‌ను ఒక్క క్షణం తాకించి తీసేయండి. శంకువు మీ వైపుకు, అంటే బయటికి, కొద్దిగా ఉబకాలి. రెండో కాయిల్‌కూ అలాగే చేయండి. రెండూ బయటికే కదిలితే పిన్నుల మీది గుర్తులు సరైనవే. ఒకటి లోపలికి పోతే దాని గుర్తులు తారుమారైనట్టు, ఆ కాయిల్ వైర్లను తిప్పి కలపాలి. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఒక కాయిల్‌ను తిరగేసి కలిపితే రెండు కాయిళ్లూ శంకువును చెరొక వైపుకు గుంజుతాయి, శబ్దం దాదాపుగా రాదు, ఇచ్చిన కరెంటంతా వేడిగా మారి కాయిళ్లను కాలుస్తుంది. శబ్దం రావడం లేదని గెయిన్ పెంచేవారు ఆ కాలడాన్ని ఇంకా త్వరపెడతారు.

గెయిన్ మరను చాలామంది శబ్దం పెంచే మర అనుకుంటారు. స్టీరియో నుంచి వచ్చే సంకేతానికి ఆంప్లిఫైయర్ పూర్తి శక్తిని సరిపోల్చడమే దాని పని. దీన్నీ మల్టీమీటర్‌తోనే సరిచేయవచ్చు. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే రావలసిన వోల్టులు తెలుస్తాయి. మీ విషయంలో 200ను 4తో గుణిస్తే 800, దాని వర్గమూలం సుమారు 28.3. సబ్ వూఫర్ వైర్లు విప్పేసి, కారును ఆరుబయట నిలిపి, ఇంజను నడుస్తుండగా, స్టీరియోలో బేస్ పెంపులు, ఈక్వలైజర్ అన్నీ తీసివేసి, పూర్తి స్థాయిలో రికార్డు చేసిన 50 హెర్ట్జ్‌ల పరీక్షా ధ్వనిని పెట్టండి. స్టీరియో శబ్దాన్ని గరిష్ఠంలో మూడు వంతులకు, అంటే 40 అంకెలుంటే 30కి తెచ్చి, మీటరును ఏసీ 200 వోల్టుల స్థానంలో పెట్టి, గెయిన్‌ను అడుగు నుంచి నెమ్మదిగా పెంచుతూ ముందు జతకు 28 వోల్టులు రాగానే ఆపండి. వెనుక జతకూ అదే అంకె తెప్పించండి. రెండు మరల స్థానాలు చూడటానికి వేరుగా ఉన్నా ఫరవాలేదు, వోల్టులు మాత్రం సమానంగా ఉండాలి. ఆ తరువాత స్టీరియోలో 30 దాటకూడదన్న నియమాన్ని ఇంట్లో కారు నడిపే అందరికీ చెప్పండి. పెట్టిన హద్దుకు పైనున్న ధ్వనులను ఆపే లోపాస్ ఫిల్టరును రెండు జతలకూ 80 హెర్ట్జ్‌ల దగ్గర పెట్టి, ఆంప్లిఫైయర్ మీది బేస్ బూస్ట్‌ను సున్నాలోనే ఉంచండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, తక్కువ వాట్ల ఆంప్లిఫైయర్ పెడితే సబ్ వూఫర్ పాడవుతుందన్న మాట మన మెకానిక్కుల నోట తరచుగా వినిపిస్తుంది. వాట్లు తక్కువ కావడం వల్ల ఏ కాయిలూ కాలదు. ఆంప్లిఫైయర్ ఇవ్వగలిగిన దానికి మించి గెయిన్ పెంచినప్పుడు అలల శిఖరాలు నరికినట్టు చదునైపోతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు కాయిల్‌లోకి పోయే సగటు శక్తి పెరిగి, అంతా వేడిగా నిలిచిపోతుంది. సరిగ్గా గెయిన్ పెట్టిన 400 వాట్లతో మీ సబ్ వూఫర్ ఏళ్లపాటు మన్నుతుంది. అట్టపెట్టె మీది 2000ను మరిచిపోండి. నిలకడగా మోయగలిగింది ఆర్‌ఎంఎస్ అంకె, లెక్కలన్నీ దానితోనే చేయాలి.

ఇక వైరు సంగతి. కారు బ్యాటరీ 12 వోల్టులదే కాబట్టి షాక్ కొట్టదు, అందుకే దానిని అందరూ చులకనగా చూస్తారు. కానీ ఆ బ్యాటరీ స్టార్టరు మోటారును తిప్పడానికి ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు ఇవ్వగలదు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా పోయే నాలుగైదు మీటర్ల ఎర్ర వైరు దారిలో ఎక్కడైనా ఇనుప రేకును తాకితే ఆ వందల ఆంపియర్లూ అందులోంచే పారతాయి. ఆంప్లిఫైయర్‌లోని ఫ్యూజు ఆ వైరు చివర ఉంది కాబట్టి మధ్యలో జరిగే దానితో దానికి సంబంధమే లేదు. కొన్నేళ్ల కిందట ఒక పరిచయస్థుని కారు వాసన వస్తోందని నా దగ్గరికి తెచ్చారు. ఇంజను గదికీ కారు లోపలికీ మధ్య ఉన్న రేకులో రంధ్రం చేసి, రబ్బరు గ్రామెట్ వేయకుండా వైరును నేరుగా దూర్చారు. రేకు అంచు కదిలినప్పుడల్లా వైరు తొడుగును కొద్దికొద్దిగా కోసింది. నేను డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి ఆ వైరును లాగినప్పుడు ఎర్ర తొడుగు నల్లబడి, కార్పెట్‌కు అంటుకుపోయి, జానెడు పొడవున బెల్లంపాకంలా సాగి వచ్చింది. రాగి తీగలు వాటంతటవే తెగిపోవడం వల్ల ఆ కారు, అందులో ప్రయాణించే పిల్లలు దక్కారు. ఆ ఎర్ర వైరును ముందు విప్పమని మిమ్మల్ని కోరడానికి అదే కారణం.

కాబట్టి బ్యాటరీ పాజిటివ్ నుంచి కొలిచి 45 సెంటీమీటర్ల లోపే, బానెట్ కిందనే, నీరు చొరబడని హోల్డరులో 60 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి వేయించండి. ఈ ఫ్యూజు కాపాడేది వైరును, కనుక వైరు మోయగలిగిన దానికంటే ఫ్యూజు ఎప్పుడూ పెద్దది కాకూడదు. కాలిపోతోందని పెద్ద ఫ్యూజు వేయడం, దాని చుట్టూ తీగ చుట్టడం ఎంతమాత్రం చేయరాదు. 400 వాట్లు బయటికి ఇచ్చే ఇలాంటి పాత ఏబీ తరగతి ఆంప్లిఫైయర్ 60 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే లోపలికి సుమారు 670 వాట్లు తీసుకుంటుంది. 13.8 వోల్టుల దగ్గర అది 48 ఆంపియర్లు. మీ ఆంప్లిఫైయర్‌కు 25 ఆంపియర్ల ఫ్యూజులు రెండు పెట్టడం ఈ లెక్కతో సరిపోతుంది. దీనికి 16 చదరపు మిల్లీమీటర్ల స్వచ్ఛమైన రాగి వైరు చాలు, ఐదు మీటర్ల పొడవులో పావు వోల్టుకు కాస్త పైన మాత్రమే తగ్గుతుంది. మీ కారులో వేసిన కిట్టు వైరు ఎలాంటిదో చూడటానికి కొసన ఒక పోగును విడదీసి బ్లేడుతో గీకండి. లోపలంతా ఎర్రగానే ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే రాగి పూత పూసిన అల్యూమినియం. అలాంటి వైరు లావు తొడుగులో పైకి ఘనంగా కనిపించినా, లోపల 8 చదరపు మిల్లీమీటర్లే ఉంటే అదే దూరానికి 0.8 వోల్టులు మింగేస్తుంది. కొత్త వైరును ఆటోనగర్‌లోనో, హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలోనో కొన్నా సరే, గేజి పేరు వినకుండా చదరపు మిల్లీమీటర్లు అడిగి, దుకాణంలోనే పోగు గీకి చూడండి. ఆర్‌సీఏ తీగను ఈ వైరు పక్కన కాకుండా కారుకు రెండో వైపు నుంచి తీసుకువెళితే ఇంజనుతోపాటు పెరిగే ఈల శబ్దం చాలావరకు రాదు.

ఆంప్లిఫైయర్ నుంచి కారు ఇనుప రేకుకు బిగించే నల్ల వైరు, అంటే ఎర్తు, కూడా అంతే లావుగా, 45 సెంటీమీటర్లకు మించకుండా ఉండాలి. దానిని బిగించే చోట పెయింటును ఉప్పుకాగితంతో గీకి మెరిసే ఇనుము కనిపించాక, లగ్గు వేసి, బోల్టు బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూయాలి. సీటుబెల్టు బోల్టును దీనికి వాడవద్దు, అది ప్రాణాలను పట్టి ఉంచే బోల్టు. కొత్తగా రంధ్రం చేయవలసివస్తే ముందుగా కారు కిందికి వంగి అక్కడ పెట్రోలు ట్యాంకు గాని గొట్టాలు గాని లేవని కళ్లతో చూసుకోండి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉన్న కార్లలో అయితే ఆ దరిదాపుల్లో డ్రిల్లు పెట్టకూడదు.

హెడ్‌లైట్లు మసకబారడం ఈ మార్పులతోనే తగ్గవచ్చు, ఎందుకంటే 1 ఓమ్ భారంతో ఆంప్లిఫైయర్ అవసరానికి మించి కరెంటు లాగుతోంది. మార్చిన తరువాత కూడా మిగిలితే, ఇంజను నడుస్తూ పాట గట్టిగా మోగుతుండగా బ్యాటరీ పోల్స్ దగ్గర, ఆంప్లిఫైయర్ పవర్ స్క్రూల దగ్గర విడివిడిగా డీసీ వోల్టులు కొలవండి. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి ఆంప్లిఫైయర్ దగ్గర 12.5 ఉంటే లోపం వైర్లలోనో ఎర్తులోనో ఉంది. రెండుచోట్లా కలిసి 12.5కు పడిపోతుంటే బ్యాటరీని, ఆల్టర్నేటరును పరీక్షించుకోవాలి. కెపాసిటర్ వైపు మాత్రం వెళ్లవద్దు. 1 ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12 వోల్టులకు దిగేలోగా ఇచ్చేది 26 జౌళ్ల శక్తి. మీ ఆంప్లిఫైయర్ పూర్తి శక్తి మీద దానిని 0.04 సెకనులో తాగేస్తుంది. దాని పక్కనే ఉన్న 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో దాదాపు 15 లక్షల జౌళ్లు ఉన్నాయి. ఆ డబ్బుతో రాగి వైరు కొనుక్కోవడం మేలు.

రెంటచింతల ఎండలకు దగ్గరలో ఉన్నారు కాబట్టి ఆంప్లిఫైయర్‌ను ఎక్కడ బిగించారో కూడా చూసుకోండి. కార్పెట్ కిందనో, సబ్ వూఫర్ పెట్టె మీదనో ఉంటే తీసి, చుట్టూ నాలుగు వేళ్ల గాలి ఆడే చోట, వెనుక సీటు వీపుకు గాని పక్క గోడకు గాని చెక్క పలక వేసి బిగించండి.

ఎప్పుడైనా నిజంగా కొత్త ఆంప్లిఫైయర్ కొనాలనిపిస్తే, 1000 అన్న అంకెను పట్టించుకోకుండా, 2 ఓమ్‌ల దగ్గర 500 వాట్లు ఆర్‌ఎంఎస్ ఇస్తానని పుస్తకంలో స్పష్టంగా రాసిన డి తరగతి మోనోబ్లాక్‌ను, అంటే ఒకే ఛానెల్ ఉండే ఆంప్లిఫైయర్‌ను, అడగండి. అప్పుడు మీ రెండు కాయిళ్లనూ షాపువారు కలిపినట్టే సమాంతరంగా, 2 ఓమ్‌లుగా కలపవచ్చు. డి తరగతి సామర్థ్యం 80 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఆ 500 వాట్లకు అది 45 ఆంపియర్లే లాగుతుంది, అంటే ఇప్పుడు వేయించుకోబోయే వైరూ ఫ్యూజూ దానికీ సరిపోతాయి. మీ బావగారి నాలుగు ఛానెళ్ల ఆంప్లిఫైయర్ తలుపుల్లోని నాలుగు స్పీకర్లను నడపడానికి పనికివస్తుంది. రెండూ కలిసి పనిచేసే పక్షంలో బ్యాటరీ నుంచి వచ్చే వైరును, ఫ్యూజును మాత్రం మళ్లీ లెక్కకట్టి మార్చుకోవలసి ఉంటుంది.